మాంద్యంలో నగరపాలక సంస్థకు ఏ కోత మేలు?

బడ్జెట్ కసరత్తు మొదలైందంటే చాలు, ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: అన్ని శాఖలకూ సమానంగా కోయాలా, మరమ్మతులు ఆపాలా, పనిగంటలు తగ్గించాలా, ఆస్తి లీజుకిచ్చి గట్టెక్కాలా? ఈ ఏడాది ఎంత మిగులుతుందో అందరూ లెక్కేస్తారు. రాబడి కోలుకున్నాక ఆ సేవను మళ్లీ నిలబెట్టడానికి ఎంతవుతుందో మాత్రం ఎవరూ వేయరు. అసలు చూడాల్సింది ఆ అంకెనే. అది లేని ప్రతిపాదన కౌన్సిల్ ముందుకే రాకూడదు.

సమాన కోతతో శాఖల మధ్య గొడవ ఉండదు, అందుకే దానికంత ఆదరణ. కానీ ఒక శాఖ ఖర్చులో 80 శాతం జీతాలే అనుకోండి. జీతాలు ముట్టుకోకుండా మొత్తం మీద 10 శాతం కోయమంటే, మిగిలిన 20లో సగం ఎగిరిపోతుంది. ఆ సగం విడిభాగాలు, డీజిల్, తారు. అంటే పేరుకు సమాన కోత, జరిగేది మరమ్మతుల కోతే.

మరమ్మతులు ఆపితే ఏమవుతుందో తారు రోడ్డు మీద సన్నటి పగులు దగ్గర కూర్చుని చూడాలి. చెత్త ఊది, తడి ఆరనిచ్చి, వేడి సీలెంట్ పోస్తే అక్కడితో సరి. వదిలేస్తే వాననీరు కంకర పొరలోకి దిగుతుంది. లారీ వెళ్లినప్పుడల్లా నానిన పొర కుంగి లేస్తుంటే పగుళ్లు మొసలి చర్మంలా అల్లుకుంటాయి. ఆ దశకొచ్చాక సీలెంట్ పోసినా దండగే, తవ్వి అడుగు నుంచి వేయాల్సిందే, ఖర్చు ఎన్నో రెట్లు. వీధిదీపాలదీ ఇదే దారి. 2010లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ మూడో వంతు దీపాలు ఆర్పేసింది. కరెంటు లేని తీగల్ని రాగి కోసం దొంగలు పెరికేశారు. బిల్లులో మిగిలిన దానికంటే బాగుచేయడానికే ఎక్కువైంది.

ఆస్తి లీజు ఇంకా ప్రమాదం. షికాగో 2008లో పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకు సుమారు 115 కోట్ల డాలర్లకు అప్పగించింది. అసలు విలువకంటే అది దాదాపు 97 కోట్లు తక్కువని మరుసటి ఏడాది ఆ నగర పాలనలో అక్రమాలు, దుబారా పరిశీలించే ఇన్‌స్పెక్టర్ జనరలే తేల్చారు. వచ్చిన సొమ్ములో చాలా భాగం కొన్నేళ్లలోనే లోటు పూడ్చడానికి కరిగిపోయింది, ఒప్పందం మాత్రం మిగిలింది.

నా మొగ్గు పనిగంటల కోతకే. సిబ్బంది ఉంటారు, యంత్రాలుంటాయి, రాబడి రాగానే మర్నాడే పెంచొచ్చు. అయితే తెలిసి కోయాలి. లైబ్రరీని రోజూ గంట ముందు మూస్తే మిగిలేది అంతంతే. వారంలో ఒక రోజు పూర్తిగా మూస్తే షిఫ్టు, కరెంటు, కాపలా మూడూ తగ్గుతాయి. చెత్త సేకరణను వారానికి రెండుసార్ల నుంచి ఒకసారికి దించితే మాత్రం ఖర్చు సగమవదు: చెత్త అంతే ఉంటుంది, బండి త్వరగా నిండి డంపుకి మధ్యలోనే వెళ్లిరావాలి. పార్కుల్లో గడ్డి కోత వారం నుంచి రెండు వారాలకు జరిపినా కొంపలేం మునగవు.

దీనితోపాటు చేయాల్సింది నీటి పీడనం తగ్గింపు. రాత్రి 2 నుంచి 4 మధ్య వాడకం అతి తక్కువ. ఆ వేళ ఒక జోన్ మీటరు (ఒక ప్రాంతం మొత్తానికి వెళ్లే నీటిని కొలిచేది) గుండా వెళ్లే నీటిలో చాలా భాగం లీకులదే. అప్పుడు పీడనం 10 శాతం తగ్గిస్తే లీకు కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది, జనానికి తేడా తెలియదు. ఎత్తు మీది ఇళ్లకు నీళ్లు ఎక్కుతున్నాయో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

నియామకాల నిలుపుదల సులువే గానీ, ఖాళీలు మనం కోరుకున్న చోట రావు. పంపు ఆపరేటరు రిటైరైతే ఆ పని ఓవర్‌టైముకు పోతుంది. ఫీజులు పెంచాలనుకుంటే ఈత కొలను, హాలు అద్దెల దగ్గర ఆగాలి, నీటి కనెక్షన్ దాకా వెళ్లకూడదు.