బర్రె కొమ్ము పిడి కత్తి: ఏడేళ్ల వాడకం తర్వాత

పొదలకూరు దగ్గర మా నిమ్మతోటలో కాపు లేకుండా ఏపుగా పెరిగే నీటి కొమ్మలు కోయడానికి నేను వాడే కత్తికి బర్రె కొమ్ముతో పిడి వేయించి ఏడేళ్లు నిండాయి. నిజానికి నేను మనసుపడింది మామత్ అనే, ఏనుగుల చుట్టమైన మంచుయుగపు జంతువు దంతం మీద. 2018లో డల్లాస్‌లోని మా అమ్మాయి ఇంట్లో నాలుగు నెలలు ఉన్నప్పుడు, మా అల్లుడు స్వయంగా చేసుకున్న దంతపు పిడి కత్తితోనే రోజూ కూరగాయలు తరిగాను. సైబీరియాలో గడ్డకట్టిన నేల కింద వేల ఏళ్లు పడి ఉన్న దంతం అది. ఇనుము, ఫాస్ఫేటు కలిసి ఏర్పడే వివియనైట్ అనే ఖనిజం పట్టి, దాని అంచున వానమబ్బు నీలం తేలింది. అలాంటి దంతం ఎండేకొద్దీ ఉల్లిపొరల్లా విడిపోతుంది కనుక, మరో ముక్కను అల్లుడు నెలల తరబడి నిదానంగా ఆరనిచ్చి, పగుళ్లలోకి పల్చటి సూపర్ గ్లూను చుక్కచుక్కగా ఇంకించడం దగ్గరుండి చూశాను.

అలాంటి దాన్ని ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదు. మామత్ అంతరించిపోయిన జంతువే అయినా, దంతాల వ్యాపారంపై ఉన్న నిషేధం దాని దంతానికీ వర్తిస్తుందని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. అది న్యాయమేనని నా నమ్మకం. అడ్డకోతలో వల అల్లినట్టు కనిపించే గీతలు బయటి అంచు దగ్గర 90 డిగ్రీల లోపు కోణంలో కలిస్తే మామత్, 115 దాటితే ఏనుగు అని నిపుణులు గుర్తుపడతారు గానీ, చెక్కి నునుపు చేసిన చిన్న ముక్కలో ఆ తేడా ఎవరు పట్టగలరు?

అందుకే ఊరికి రాగానే లారీ కమాను పట్టాతో కత్తి కొట్టించి, దానికి మా ఇంటి బర్రె కొమ్మునే పిడిగా బిగింపించాను. దంతం పంటి జాతిది, కొమ్ము మన గోటి జాతిది. గోరు నీళ్లకు మెత్తబడినట్టే కొమ్ము కూడా తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు బిగుస్తుంది. ఈ సంగతి తెలియక కొమ్మును పూర్తిగా ఆరనివ్వలేదు. తొలి వేసవిలో పడమటి గాలి మొదలైన పది రోజులకే ఇనుముకూ కొమ్ముకూ మధ్య తమలపాకు ఈనె దూరేంత సందు పడింది. రివిట్ల తలలు పైకి లేచి బొటనవేలిని గీరాయి.

పిడిని ఊడదీసి, కొత్త కొమ్మును ఏడాదిపాటు అటక మీద నీడన ఆరబెట్టాను. అక్కడ పురుగు పట్టి, గుండుసూది మొన పట్టేంత బెజ్జాలు నాలుగు పడ్డాయి. కొమ్మును ఆకురాయితో రుద్దగా రాలిన పొడిని వాటిలో కూరి, అల్లుడి దగ్గర చూసిన పద్ధతిలోనే పల్చటి జిగురు ఇంకించాను. రుద్దేటప్పుడు జుట్టు కాలిన వాసన వస్తుంది. ఆరుబయట కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాల్సిన పని అది. తర్వాత అరాల్డైట్ జిగురు పూసి, ఇత్తడి మేకులతో బిగించాను. ఇప్పుడు ఆ బెజ్జాలు ఎక్కడున్నాయో వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తప్ప కనిపించవు.

ఈ రెండో పిడి నిలిచింది. బావి గట్టు రాయి మీద రెండుసార్లు జారిపడినా పెచ్చు లేవలేదు. దంతమైతే ఆ దెబ్బకు బీటవారేదేమో. అయితే తడి చేతిలో పట్టు విషయంలో దంతానిదే పైచేయి. అద్దంలా మెరుగుపెట్టిన కొమ్ము చేపల జిగురుకు జారిపోతుంది. అందుకని మెరుగు తీసేసి, 400 నంబరు ఎమరీ పేపరుతో రుద్ది గరుకుగానే ఉంచుకున్నాను. చూపుకు వెలవెలబోయినా చేతికి హాయిగా ఉంటుంది. చేపలు కోసేవాళ్లకు మాత్రం నేను కొమ్ము పిడి చెప్పను.

కొమ్ముతో చేయించుకోదలచినవాళ్లు పిడిని నీళ్లలో నాననివ్వకండి. చైత్రం రాగానే పల్చగా ఆముదం పట్టించి, ఒక రాత్రి ఉంచి తుడవండి. కిందటి కార్తీక వానల్లో మా పిడి కాస్త ఉబ్బి, కొమ్ము అంచు ఇనుము కన్నా వెంట్రుకవాసి పైకి వచ్చింది. సంక్రాంతి దాటేసరికి మళ్లీ సమంగా సర్దుకుంది.