సరుగుడు మండలతో క్రిస్మస్ కుండీలు: కొత్తపట్నం రోడ్డు నర్సరీ ఎలా ఉందంటే

మా చెల్లెలు కెనడాలో ఉంటుంది. రెండేళ్ల కిందట నవంబరు ఆఖర్లో వీడియో కాల్ చేసి, వాళ్ల గుమ్మానికి అటూ ఇటూ పెట్టిన కుండీలు చూపించింది. స్ప్రూస్, ఫర్, సీడర్ పచ్చికొమ్మలు, మధ్యలో ఎర్రటి కాయల రెమ్మలు. వేసవిలో పూలమొక్కలు పెంచిన మట్టిలోనే కొమ్మలు గుచ్చి నీళ్లు పోస్తారట. మట్టి గడ్డకట్టాక కొమ్మ కదలదు, ఆ చలికి చాలా వారాలు పచ్చగానే ఉంటుంది. మా ఒంగోలులో డిసెంబరు మధ్యాహ్నం కూడా ఎండ చురుక్కుమంటుంది. అయినా మా గేటు ముందు అలాంటివి పెట్టాలని నాకు గట్టిగా అనిపించింది. అలా కొత్తపట్నం వెళ్లే దారిలో ఉన్న నర్సరీకి వెళ్లడం మొదలైంది. రెండు క్రిస్మస్‌లకు సరుకు అక్కడే తీసుకున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ముందు వాళ్ల దగ్గర బాగున్నది చెప్తాను. సరుగుడు మండలు. ముందు రోజు చెప్తే తెల్లవారుజామున తోటలో కొట్టించి, తడి గోనెపట్టాలో చుట్టి ఉంచుతారు. కట్ట 150 రూపాయలు, చెయ్యంత పొడుగు మండలు పన్నెండు పదమూడు వస్తాయి. అలంకరణ కోసం చెట్టు కొడతారేమో అని నాకు మనసులో పీకుతూ ఉండేది. అడిగితే పెద్దాయన చెప్పారు, కాగితం మిల్లులకు, పందిరి గుంజలకు ఎటూ కొట్టే చెట్ల కొనలేనట. లేకపోతే అవి పొయ్యిలోకే పోతాయి.

సరుగుడు చూడ్డానికి పైన్ లాగా ఉంటుంది గానీ పైన్ కాదు. సూదిలా కనిపించేది ఆకు కూడా కాదు, సన్నటి పచ్చ పుల్ల. చిన్నప్పుడు కొత్తపట్నం సముద్రానికి వెళ్లినప్పుడు ఆ పుల్లను కణుపు దగ్గర లాగి, మళ్లీ అతికించి, ఎక్కడ ఊడిందో చెప్పమని పందెం కాసేవాళ్లం. ఆ కణుపు చుట్టూ కంటికి ఆనీ ఆనకుండా పళ్లలా ఉండే పొలుసులే దాని అసలు ఆకులు. నీళ్లు అందకపోతే మండ ఆ కణుపుల దగ్గరే పుటుక్కున విరిగి రాలుతుంది. మొదటి ఏడాది మా గేటు ముందు జరిగింది అదే.

ఆ తప్పు కొంత నర్సరీదే. పూల డెకరేషన్‌కు వాడే పచ్చ ఫోమ్ ఇటుకలు కూడా వాళ్లు అమ్ముతారు. నీళ్లలో నొక్కి ముంచమని అక్కడి కుర్రాడు చెప్పాడు, అలాగే చేశాను. మూడో రోజుకు మండలు గోధుమరంగుకు తిరిగాయి. ఫోమ్ కోసి చూస్తే పైన తడి, లోపల పొడి పిండి. దాన్ని నొక్కకూడదు, నీళ్ల మీద వదిలేస్తే తనంతట తానే పీల్చుకుని మునగాలి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. క్రిస్మస్‌కు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ సాయంత్రం ఇంటికొచ్చినవాళ్లు ఆ ఎండు కుండీల పక్క నుంచే లోపలికి వచ్చారు. చాలా బాధపడ్డాను. అమ్మే సరుకు ఎలా వాడాలో అమ్మేవాళ్లకు తెలిసి ఉండాలి.

రెండో ఏడాది ఫోమ్ జోలికి పోలేదు. పద్నాలుగు అంగుళాల సిమెంటు కుండీలు రెండు తీసుకున్నాను, ఒక్కోటి 450. అంచు నున్నగా ఉంది, ఏడాదైనా బీట లేదు. ఇక్కడి సముద్రపు గాలికి ఎత్తుగా ఉన్న కుండీ పక్కకు వాలుతుంది, అందుకని అడుగున చీమకుర్తి గ్రానైట్ ముక్కలు వేశాను. వాటి మీద చిల్లు లేని ప్లాస్టిక్ డబ్బా, అందులో తడి ఇసుక. మండలు నర్సరీలో పనిచేసే అక్క సిద్ధం చేసిపెట్టింది. కింద జానెడు మేర పచ్చ అంతా దూసేసి, మొదలు ఏటవాలుగా కోసింది. "పచ్చ లోపలుంటే కుళ్లి కంపు కొడద్దమ్మా, రాత్రంతా బకెట్లో నానబెట్టి పొద్దున గుచ్చుకో" అంది. దానికి డబ్బులేమీ అడగలేదు. ఆమె కోసమైనా మళ్లీ వెళ్తాను.

నడుమ పొడుగు సరుగుడు, చుట్టూ విసనకర్రలా పరుచుకునే తూజా కొమ్మలు, అంచున కిందికి వేలాడే అశోక మండలు. ఎరుపు కోసం పూలకొట్లో కోడిజుట్టు పూలు కొన్నాను, వాడినా వాటి రంగు తొందరగా పోదు. రోజూ పొద్దున చెంబెడు నీళ్లు, సాయంత్రం స్ప్రే. పడమటెండ తగలని వైపు పెట్టాను. డిసెంబరు 18న గుచ్చితే సరుగుడు కొత్త సంవత్సరం దాకా నిలిచింది, మధ్యలో నాలుగైదు మండలు మార్చాను. తూజా ఇంకో వారం ఉంది. క్యారల్స్‌కు వచ్చిన పిల్లలు చెయ్యి పెట్టి ముట్టుకుని, "ఆంటీ, ఇది నిజందేనా?" అని అడిగారు. సీరియల్ లైట్లు మాత్రం ఆ తడి కుండీల్లో చుట్టలేదు, గేటు పైనే కట్టాను.

వాళ్ల దగ్గర కడియం నుంచి తెచ్చిన, క్రిస్మస్ చెట్టు ఆకారంలో పెరిగే అరకేరియా మొక్కలు కూడా ఉన్నాయి, 900 రూపాయలకు ఒకటి కొన్నాను, బాగా పెరుగుతోంది. దాని తల మాత్రం కొయ్యకండి, మళ్లీ ఆ ఆకారం రాదు.

ఇంటికి చేరుస్తామన్న మాట నమ్ముకోవద్దు. నాకు పొద్దున పది గంటలకని చెప్పి చీకటి పడ్డాక తెచ్చారు, గోనెపట్టా అప్పటికే ఎండిపోయింది. ఆటోలో మనమే తెచ్చుకోవడం మేలు. డిసెంబరు 20 దాటితే కట్టలు దొరకవు, మందిరాలవాళ్లు, అంటే చర్చిలవాళ్లు, ముందే చెప్పి పెట్టుకుంటారు. ఈసారి నేను పోయిన ఆదివారమే వెళ్లి నాలుగు కట్టలకు చెప్పి వచ్చాను. రెండు మా గేటుకు, రెండు అత్తయ్యవాళ్ల మందిరం మెట్లకు.