ఎరోయికా తెల్లదారి: నాలుగు జూలైలు తొక్కాక

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో గయోలే ఇన్ కియాంతీ అనే చిన్న ఊళ్లో మొదలై, సియెనా పక్కనుంచి మోంతాల్చీనో దాకా దిగి, మళ్లీ గయోలేకే వచ్చి కలిసే 209 కిలోమీటర్ల సైకిలు దారి ఇది. నేను ఫ్లోరెన్సులో పనిచేస్తున్నాను. నాలుగేళ్లుగా జూలైలో దొరికే వారం సెలవు దీనికే. వెనక రెండు సంచులు కట్టుకుని, రోజుకు 50, 60 కిలోమీటర్ల చొప్పున నాలుగు రోజుల్లో చుట్టొస్తాను. ఎక్కుళ్లన్నీ కలిపితే 3,500 మీటర్లు దాటుతాయి కాబట్టి ఎండాకాలంలో ఇంతకంటే తొందరపడమని ఎవరికీ చెప్పను.

ఇటలీలో నేను తొక్కిన దారుల్లో నాకు ఇంతకంటే ఇష్టమైంది లేదు. కాకపోతే జూలైలో ఇది పొద్దున పూట దారి. అయిదింటికి సైకిలెక్కి పదకొండుకల్లా దిగిపోతే స్వర్గం. పన్నెండు దాటాక అదే దారి మనిషిని పడేస్తుంది.

దీనికి పేరొచ్చింది 1997లో గయోలేలో మొదలైన ఎరోయికా సైకిలు పండగ వల్ల. మట్టి దారులన్నిటి మీదా తారు పడిపోతుంటే ఉన్నవాటినైనా కాపాడుకోవాలని పట్టుబట్టినవాళ్లు మొదలుపెట్టారు. అక్టోబర్‌లో జరిగే ఆ పండక్కి 1987కి ముందు తయారైన సైకిళ్లే తేవాలి. మిగతా ఏడాదంతా ఏ సైకిలు మీదైనా వెళ్లొచ్చు, మలుపుల్లో బోర్డులున్నాయి.

దారిలో సుమారు సగం తారు లేనిదే. దూరం నుంచి సున్నం చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే అంతా ఒకేలా ఉండదు. కార్ల చక్రాలు నొక్కిన రెండు చాళ్లు గచ్చు చేసినట్టు గట్టిగా ఉంటాయి. వాటి మధ్యలో గోలీలంత రాళ్లు వదులుగా పోగుపడి ఉంటాయి. బాగా ఏటవాలుగా ఉన్నచోట నేల పైకప్పు రేకులా అలలు అలలుగా లేస్తుంది. అక్కడ బ్రేకు గట్టిగా పట్టారా, వెనక చక్రం ఎగిరెగిరి పక్కకు జారుతుంది. పైనుంచే వేగం తగ్గించుకుని, హ్యాండిల్ మీద పట్టు కాస్త వదులు చేసి, చాలులోనే దిగాలి.

మొదటి ఏడాది అద్దెకు తెచ్చిన సైకిలుకి 28 మిల్లీమీటర్ల టైర్లు ఉన్నాయి. ఒకే పొద్దున రెండు పంక్చర్లు. విప్పి చూస్తే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడింది. ఆ తర్వాత సొంత సైకిలుకి 40 మిల్లీమీటర్లవి వేయించి, గాలి ఒత్తిడి 3 బార్ దగ్గర ఉంచుతున్నాను. మూడు వేసవుల్లో ఒక్క పంక్చర్, అదీ ముల్లు గుచ్చుకుని. ఈ దారికి మీరు పెట్టే ఖర్చు ఏదైనా ముందు టైర్లకే పెట్టండి.

ఇక రెండో ఏడాది సంగతి. ఆషానో ఊళ్లో కాఫీ తాగి, కబుర్లలో పడి, బయల్దేరేసరికి పదకొండుంపావు. ఆ కాఫీ బారులో కూర్చున్న పెద్దాయన "ఈ ఎండలో ఎటు పోతావు?" అని అడిగాడు కూడా. ముందున్నది మోంతె సాంతె మారియె, 11.5 కిలోమీటర్ల తెల్లదారి. స్త్రాదె బియాంకె అనే పేరున్న ప్రొఫెషనల్ సైకిలు పందెం ఇదే దారిన సాగుతుంది. ఆ పందెం మూడుసార్లు గెలిచిన స్విస్ సైక్లిస్టు కాన్సెల్లారా పేరు ఈ ముక్కకి పెట్టారు. ఇటూ అటూ కోత అయిపోయిన గోధుమ మళ్లు, గుండ్రంగా చుట్టిన గడ్డి కట్టలు, బోడి మట్టి గుట్టలు. కీచురాళ్ల రొద తప్ప చప్పుడు లేదు. సగం దారికే రెండు సీసాలూ అయిపోయాయి. ఇంకో ఎక్కుడు ఎక్కుతుంటే చెమట ఆగిపోయి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కర్నూల్లో పెరిగినవాణ్ణి, వడదెబ్బ ఎలా మొదలవుతుందో తెలుసు. సైకిలు పడేసి ఒక సైప్రస్ చెట్టు కింద కూర్చున్నాను. దాని నీడ ఒక బల్ల చెక్కంత వెడల్పే. పొద్దుతో పాటు జరుగుతుంటే నేనూ దానితో పాటు జరుగుతూ గంటన్నర గడిపాను.

అక్కణ్ణుంచి నడిపించుకుంటూ వెళ్తే గోడ కట్టిన చిన్న శ్మశానం, గేటు పక్కన కుళాయి. పూలకుండీలకు నీళ్లు పడుతున్న ఒక ముసలావిడ నన్ను చూసి తన డబ్బా పక్కకు తీసేసింది. కుళాయి తిప్పితే మొదట వేడినీళ్లు, తర్వాత గొట్టం లోపలి చల్లనీళ్లు. గటగటా తాగబోతే చేయి అడ్డం పెట్టి "పియానో, పియానో" అంది, మెల్లగా మెల్లగా అని. ఆ ఏడాది నుంచి నా మ్యాపులో శ్మశానాలన్నీ గుర్తు పెట్టుకున్నాను. ఊరి బయట సైప్రస్ చెట్ల గుంపు, గోడ కనిపిస్తే దాదాపుగా కుళాయి ఉంటుంది. "నోన్ పోతాబిలె" అని రాసి ఉంటే మాత్రం తాగకండి, తలమీద పోసుకోండి.

ఇప్పుడు మూడు లీటర్లు మోస్తున్నాను. ఒక సీసాలో ఇంట్లో అలవాటైన ఉప్పు, నిమ్మకాయ నీళ్లు. ఇది ఇక్కడ తప్పనిసరి, ఎందుకంటే టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. ఒంట్లో ఉప్పంతా చెమటగా పోయిన రోజున చప్పటి రొట్టె నోట్లో తిరుగుతుంది. ఎండిన రొట్టె నానబెట్టి టమాటా, ఉల్లిపాయ, తులసి జాతి బాసిల్ ఆకు కలిపిన పంజనెల్లా దొరికితే తినండి. ఎండలో అంత హాయిగా దిగే తిండి నాకు ఇంకోటి దొరకలేదు. కొట్లు మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి నాలుగు దాటాకే తీస్తాయి కాబట్టి తిండి పొద్దున్నే కొనిపెట్టుకోవాలి.

ఒంట్లో బాగా లేకపోతే మొండికేయక్కర్లేదు. ఆషానో, బువోన్‌కొన్వెంతో స్టేషన్ల నుంచి సియెనాకి రైలుంది. సైకిలు బొమ్మ ఉన్న లోకల్ రైళ్లలో 3.50 యూరోల టికెట్‌తో సైకిలెక్కించొచ్చు. చీకట్లో బయల్దేరేవాళ్లు లైట్లతో పాటు మెరిసే జాకెట్ వేసుకోవాలి, ఊళ్ల బయట అది చట్టం.

గొలుసుని రోజూ సాయంత్రం పొడిబట్టతో తుడవండి. తెల్లనుసి నూనెతో కలిసి గరగరలాడుతుంది. జూలైలో ఒక్కోసారి సాయంత్రం ఉరుములతో వాన పడుతుంది. పడితే ఆ బంకమట్టి దారి మీదికి వెళ్లకండి. నిరుడు రెండు వందల మీటర్లు పోయేసరికి మట్టి మడ్‌గార్డు లోపల గట్టిగా పట్టేసి చక్రం తిరగలేదు. పుల్లతో గీకి, సైకిలు భుజాన వేసుకుని తారు రోడ్డు చేరాను. పొద్దున ఏడింటికల్లా దారి ఆరిపోయి మళ్లీ తెల్లగా ఉంది.