పెరటి గోరింకా, వలస వచ్చిన గులాబీ గోరింకా?

చెట్టు మీద వాలిన పిట్ట ఏదో తేల్చడానికి ముందు కంటి చుట్టూ చూడండి. ఏడాదంతా మనతో ఉండే గోరింకకు అక్కడ పసుపుపచ్చని చర్మం బోడిగా కనిపిస్తుంది. ఎగిరితే రెక్కల్లో తెల్లమచ్చ తళుక్కుమంటుంది. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే గులాబీ గోరింకకు ఈ రెండూ ఉండవు. నల్లని తల, రెక్కలు, తోక. ఒళ్లు గులాబీ రంగు. ఇంతవరకు తేలికే.

చిక్కంతా ఆ ఏడాది పుట్టిన గులాబీ గోరింక పిల్లలతోనే. అవి ఒట్టి ఇసుకరంగులో ఉంటాయి, ముక్కు మాత్రం పసుపు. అప్పుడు నడవడి చూడాలి. గోరింక ఎక్కువగా జంటగా నేల మీద నడుస్తూ పురుగులు ఏరుకుంటుంది. వలస పిట్టలు పెద్ద గుంపుగా ఒక్కసారే లేచి, ఒక్కసారే మలుపు తిరుగుతాయి. మర్రి పండ్లు, మోదుగు, బూరుగు పూల తేనె వాటికి ప్రాణం. మోదుగు పూసే రోజుల్లో తప్పక చూడండి: ఈకల అంచులు అరిగి, పెద్ద పిట్టల గులాబీ రంగు అప్పటికి ఎంతో నిండుగా తేలుతుంది!