స్ప్రింగు గ్రీజు క్యాపు: వీల్ బేరింగుల్లోకి నీళ్లు పోకుండా ఎంతవరకు ఆపుతుంది?

చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగమే హబ్. దాని చివర ఉండే మామూలు డస్ట్ క్యాప్ పీకేసి, దాని చోట కొట్టే స్ప్రింగు గ్రీజు క్యాపులు (బేరింగ్ బడ్డీ లాంటివి) పడవల్ని నీళ్లలోకి దించే ట్రైలర్ల మీద బాగా పేరు తెచ్చుకున్నాయి. వాగులు, బురదలు దాటే బండ్లకీ, అవి లాగే ట్రైలర్లకీ కూడా వేస్తున్నారు. వస్తువు మంచిదే. కానీ ఇది కూర్చునేది హబ్‌కి ముందువైపు, నీళ్లు దూరేది వెనకవైపు. ఆ సంగతి పట్టించుకోకుండా కొంటే డబ్బు దండగ.

బ్రేకులు నొక్కుతూ దిగివచ్చిన హబ్ 80 డిగ్రీల వేడి మీద ఉందనుకోండి. 20 డిగ్రీల నీళ్లలో మునిగాక లోపలి గాలి అంతా చల్లబడితే దాని ఒత్తిడి ఆరో వంతు, అంటే సుమారు 2.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని ఒత్తిడి కొలత) పడిపోతుంది. అర మీటరు లోతు నీళ్లు బయటినుంచి తోసేది మాత్రం 0.7 పీఎస్ఐ. అంటే నీళ్లు లోపలికి తోసుకురావడం కన్నా హబ్ వాటిని పీల్చుకోవడమే ఎక్కువ. వెనక ఆయిల్ సీల్ అసలు పని లోపలి గ్రీజు బయటికి రాకుండా ఆపడం. బయటినుంచి ఒత్తిడి వస్తే దాని లిప్ (యాక్సిల్‌ని ఆనుకుని ఉండే రబ్బరు అంచు) తేలిగ్గా లేస్తుంది.

క్యాపు లోపల స్ప్రింగు నొక్కే ఒక పిస్టన్ ఉంటుంది, దాని మధ్యలో గ్రీజు నిప్పిల్ (గన్‌తో గ్రీజు ఎక్కించే చిన్న మూతి). హబ్ ఖాళీ అంతా గ్రీజుతో నింపితే పీల్చుకోవడానికి లోపల గాలే మిగలదు. చల్లబడి గ్రీజు కాస్త తగ్గినా పిస్టన్ వెంటనే లోపలికి జరిగి 3 పీఎస్ఐ దాకా ఒత్తిడి నిలబెడుతుంది. పై లెక్కతో పోల్చి చూస్తే ఈ 3 ఎందుకు సరిపోతుందో అర్థమవుతుంది.

బిగించే ముందు కొలత చూసుకోవాలి. పాత క్యాపుని కాదు, హబ్ రంధ్రాన్నే వెర్నియర్‌తో కొలవండి. రెండు మూడు చోట్ల కొలిస్తే రంధ్రం కోలగా సాగిందో లేదో కూడా తెలుస్తుంది. సాగిన హబ్‌లో ఈ క్యాపు నిలవదు, మొదటి గతుకుల రోడ్డులోనే ఊడి పడుతుంది. అంచు మీది తుప్పు, పెయింటు సన్న ఎమరీ పేపరుతో తీసి, క్యాపు మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో కొట్టాలి. నేరుగా సుత్తి తగిలిందా, అంచు వంగి పిస్టన్ ఇరుక్కుంటుంది.

గ్రీజు పెట్టడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. క్యాపు ఉంది కదా అని ఎండు బేరింగులు వేసి నిప్పిల్ నుంచి కొడితే కుదరదు. ముందు రెండు బేరింగులకీ రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా చేత్తో గ్రీజు పట్టించాలి, మధ్య ఖాళీ నింపాలి, ప్లే (బేరింగులో ఉండే కొద్దిపాటి వదులు) సరిచేయాలి, ఆ తర్వాతే క్యాపు. అప్పుడు చేతి గ్రీజు గన్‌తో, చక్రం తిప్పుతూ, పిస్టన్ 3 మి.మీ. బయటికి వచ్చేదాకా కొట్టి ఆపేయండి. గాలి ఒత్తిడితో నడిచే గన్ వద్దు. తర్వాత ఎప్పుడైనా పిస్టన్ అంచుని వేలితో నొక్కి చూడండి. ఊగితే గ్రీజు సరిపడా ఉన్నట్టే, ఇంకా కొట్టక్కర్లేదు. అతిగా కొడితే అది వెనక సీల్ తోసుకుని బ్రేక్ లైనర్ల మీద పడుతుంది. గ్రీజు పీల్చిన లైనర్లు తుడిస్తే బాగుపడవు, మార్చాల్సిందే.

అందుకే క్యాపు కన్నా ముందు సీల్ కొనండి. సింగిల్ లిప్ ఉంటే తీసేసి డబుల్ లిప్ వేయండి, చిన్న స్ప్రింగు ఉన్న వైపు గ్రీజు వైపుకి ఉండాలి. సీల్ తిరిగే చోట యాక్సిల్ మీద గోరు గీసి చూడండి. గోరు గాడిలో ఆగితే ఎంత కొత్త సీల్ వేసినా కారుతుంది. దానికి ఎస్‌కేఎఫ్ స్పీడీ స్లీవ్ లాంటి 0.28 మి.మీ. మందం స్టీలు తొడుగు ఉంది, యాక్సిల్ మార్చే పని తప్పుతుంది. బేరింగు ప్లే ఎక్కువగా ఉన్నా అంతే: చక్రం ఊగుతుంటే లిప్ ఆ ఊపుకి అందుకోలేదు.

గ్రీజు విషయంలో కాల్షియం సల్ఫొనేట్ కాంప్లెక్స్ రకం, ఎన్ఎల్‌జీఐ 2 (గ్రీజు చిక్కదనం నంబరు) మా మొదటి ఎంపిక. నీళ్లు కలిసినా అది పెద్దగా పలచబడదు, తుప్పునీ బాగా ఆపుతుంది. మామూలు లిథియం నీళ్లతో మెత్తబడి జారిపోతుంది. పాత గ్రీజు ఏ రకమో తెలియకపోతే దాని మీద కొత్తది కొట్టకండి, పూర్తిగా కడిగి మొదలుపెట్టండి. పాలీయూరియా, బంకమట్టి ఆధారిత గ్రీజులు లిథియంతో కలిస్తే నీళ్లలా కారిపోవచ్చు.

ఈ క్యాపులో నచ్చనిది ఒకటుంది. నిప్పిల్ నుంచి పెట్టిన కొత్త గ్రీజు ముందు బేరింగు దగ్గరే ఉంటుంది, వెనక బేరింగులో పాతదాన్ని తోసేయదు. కాబట్టి హబ్ విప్పి కడిగే పని ఇది తప్పించదు. ఎక్కువ దూరం వేగంగా నడిచే బండికి నిండా గ్రీజు ఉన్న హబ్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది కూడా.

ఫోర్ వీల్ డ్రైవ్ ముందు హబ్‌లకి ఇది అసలు పట్టదు, అక్కడ క్యాపు చోట చక్రాన్ని తిప్పే డ్రైవ్ ఫ్లేంజ్ లేదా లాకింగ్ హబ్ ఉంటుంది. సీల్డ్ హబ్ యూనిట్లకీ అంతే. అలాంటి బండికి యాక్సిల్ బ్రీదర్‌కి (లోపలి గాలి వచ్చిపోయే రంధ్రానికి) పైపు తగిలించి బానెట్ ఎత్తుకి తీసుకెళ్లడమే మేలు. మూసుకుపోయిన బ్రీదర్ ఉంటే యాక్సిల్ కూడా హబ్‌లాగే సీళ్ల గుండా నీళ్లు పీలుస్తుంది.

క్యాపు ఉన్నా లేకున్నా, వాగులో దిగేముందు పది పదిహేను నిమిషాలు ఆగి హబ్‌ని చల్లారనివ్వండి. దాటిన తర్వాత హబ్ వెనక అంచున ఊరిన గ్రీజుని కాస్త వేలితో తీసి చూడండి. అసలు రంగులో, వేళ్ల మధ్య తీగ సాగితే బాగున్నట్టు. పాలు కలిసినట్టు తెల్లబారి, రుద్దితే జారిపోతుంటే నీళ్లు చేరినట్టు. ఆ బండిని అలాగే వారం నిలబెడితే రోలర్లు ఆనిన చోటల్లా కప్పు (రోలర్లు దొర్లే బయటి రింగు) మీద, రోలర్ల మధ్య దూరంలోనే, వరసగా నల్లటి గీతలు పడతాయి. ఆ గీతలు వేలికి తగిలితే బేరింగు, కప్పు రెండూ మార్చాలి.