300 విజయాలు: వర్లాండర్‌కు రాండీ జాన్సన్ దారి మేలా, నోలన్ రయన్ దారి మేలా?

హ్యూస్టన్‌లో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేస్తే, ఇంట్లో అందరి క్షేమం అడిగాక వచ్చే మాట ఒకటే: "మావయ్యా, వర్లాండర్ 300 కొడతాడంటావా?" వర్లాండర్ అమెరికా బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు; 300 అంటే పిచ్చర్ పేరున రాసే విజయాలు. 2017 ఆగస్టు చివరి రోజున డెట్రాయిట్ నుంచి హ్యూస్టన్ జట్టు ఆస్ట్రోస్‌కు వచ్చి, ఆ ఏడాదే లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు కదా, అప్పటి నుంచి వాడికి వర్లాండర్ అంటే ప్రాణం. బేస్‌బాల్ చూసే మిగతా మిత్రులూ ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పే బదులు, కాగితం మీద లెక్కలు వేసి ఒకేసారి రాద్దామని కూర్చున్నాను.

2025 సీజన్ ముగిసేసరికి జస్టిన్ వర్లాండర్ విజయాలు 266. అప్పటికి ఇంకా 34 కావాలి. 1983 ఫిబ్రవరిలో పుట్టాడు కాబట్టి 2026 సీజన్ మొదలయ్యేసరికి 43 నిండి ఉంటాయి. 45 ఏళ్ల వరకు ఆడాలని ఉందని చాలాసార్లు చెప్పాడు.

అతను తప్ప ఇప్పట్లో ఇంకెవరూ లేరా అని కూడా అడుగుతున్నారు. లేరనే చెప్పాలి. 2025 చివరికి షెర్జర్ 221 దగ్గర ఉన్నాడు, వయసు 41. కెర్షా 223తో 2025లోనే రిటైరయ్యాడు. గ్రెయింకీ 225 దగ్గర ఆగిపోయాడు. గెరిట్ కోల్‌కు అప్పటికి 35 ఏళ్లు, 153 విజయాలు, పైగా మోచేతి ఆపరేషన్‌తో 2025 మొత్తం పోయింది. ఈ తరంలో 300 అనే మాట ఎత్తితే మిగిలేది వర్లాండర్ ఒక్కడే. ఇప్పటిదాకా 24 మందే అందుకున్న మైలురాయి ఇది. చివరిగా అందుకున్నది 2009లో రాండీ జాన్సన్.

వయసు మీద పడ్డాక 300 దాటినవాళ్లలో వర్లాండర్‌తో పోల్చదగ్గవాళ్లు నా దృష్టిలో ఇద్దరే, జాన్సన్, నోలన్ రయన్. ముగ్గురూ వేగంతో బతికినవాళ్లు. అందుకే వాళ్లిద్దరి దారుల్లో ఇతనికి ఏది అచ్చొస్తుందో చూడాలి.

ముందు జాన్సన్. 40 ఏళ్ల వయసులో ఆడిన 2004 సీజన్ మొదలయ్యేటప్పటికి అతని ఖాతాలో ఉన్నవి 230. అదే వయసులో, అంటే 2023 సీజన్ మొదట్లో, వర్లాండర్‌కు 244. ఏకంగా 14 ముందున్నాడు! అంతకు ముందటి ఏడాదే, మోచేతి ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చి 18-4 (18 గెలుపులు, 4 ఓటములు), 1.75 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ తన వల్ల ఇచ్చే పరుగుల సగటు, ఎంత తక్కువైతే అంత మేలు) సై యంగ్, అంటే ఉత్తమ పిచ్చర్ అవార్డు గెలిచాడు. 39 ఏళ్ల వయసులో అది. ఆ రోజుల్లో మా మేనల్లుడు ఇదే ప్రశ్న అడిగినప్పుడు "తప్పకుండా కొడతాడు" అని మాటిచ్చినట్టే చెప్పాను.

తర్వాతి మూడేళ్లు చూడండి. 40, 41, 42 ఏళ్ల సీజన్లలో జాన్సన్ గెలిచినవి 16, 17, 17, మొత్తం 50. అదే వయసులో వర్లాండర్‌వి 13, 5, 4, మొత్తం 22. మూడేళ్ల కింద 14 ముందున్నవాడు మూడేళ్లయ్యేసరికి 14 వెనకబడ్డాడు. జాన్సన్ 280, వర్లాండర్ 266.

2004లో జాన్సన్ ఆడిన అరిజోనా జట్టు 111 మ్యాచ్‌లు ఓడింది. అలాంటి జట్టులో ఉండి 16 గెలిచాడు. ఆ మే నెలలోనే అట్లాంటాలో పర్ఫెక్ట్ గేమ్, అంటే ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని మ్యాచ్, వేశాడు. చేతిలో అంత సత్తా ఉంటే జట్టు బలహీనత అడ్డు కాదని అప్పుడు అనిపించేది. అయితే 42 దాటాక జాన్సన్ దారి సాఫీగా లేదు. వెన్ను ఆపరేషన్లు మళ్లీ అవసరమయ్యాయి. 43, 44, 45 ఏళ్ల సీజన్లలో గెలిచినవి 4, 11, 8, అంటే 23. వర్లాండర్ ఇక మీదట అచ్చంగా జాన్సన్‌లాగే ఆడాడనుకుంటే 266కు 23 కలిపి 289 దగ్గర ఆగిపోతాడు. జాన్సన్‌కు సరిపోయిన చివరి పరుగు వర్లాండర్‌కు సరిపోదు.

ఇప్పుడు రయన్ సంగతి. మనసులో మాట ముందే చెప్పేస్తాను, నాకు ఆశ ఉన్నది ఈ దారి మీదే. 1987లో, 40 ఏళ్ల వయసులో, హ్యూస్టన్‌కే ఆడుతూ నేషనల్ లీగ్‌లో అందరికన్నా తక్కువ ఈఆర్‌ఏ, 2.76, అతనిదే. అందరికన్నా ఎక్కువ స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం), 270, అవీ అతనివే. గెలుపోటములు మాత్రం 8-16! అంత బాగా వేసిన మనిషి పదహారు ఓడాడంటే తప్పు చేతిది కాదని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఆ ఏడాది చివర అతని లెక్క 261. రయన్ పని అయిపోయిందనుకున్నవాళ్లందరూ చూస్తుండగానే తర్వాతి మూడేళ్లలో 12, 16, 13 గెలిచాడు. 1990 జూలై 31న మిల్వాకీలో 300వది పూర్తి చేసినప్పుడు వయసు 43. 44 ఏళ్లకు ఏడో నో-హిట్టర్, అంటే ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్, వేశాడు.

43 నుంచి 46 వరకు ఆడిన నాలుగు సీజన్లలో రయన్ విజయాలు 13, 12, 5, 5, మొత్తం 35. వర్లాండర్‌కు కావాల్సినవి 34. రయన్‌లాగే ఆడితే సరిగ్గా 301 దగ్గర ముగిస్తాడు. ఈ కూడిక వేసిన రాత్రి కాసేపు నిద్ర పట్టలేదు నాకు.

ఫిల్ నీక్రో, జేమీ మొయర్ సంగతి కూడా కొందరు గుర్తు చేస్తున్నారు. నీక్రో 40 దాటాక 121 గెలిచాడు, మొయర్ 49 ఏళ్ల వయసులో కూడా రెండు మ్యాచ్‌లు గెలిచాడు. నిజమే, కానీ నీక్రోది నకుల్‌బాల్, అంటే గిరగిరా తిరగకుండా వంకరలు పోయే బంతి, మొయర్‌ది నెమ్మది బంతి. వర్లాండర్‌ది 2025లో కూడా గంటకు 94 మైళ్ల ఫాస్ట్‌బాల్. వాళ్ల దారి ఇతనిది కాదు, అక్కడితో వదిలేద్దాం.

ఇక రయన్ దారే అనుకుంటే, అందులో ఉన్న ముల్లు గురించి కూడా చెప్పాలి. నా లెక్కలో ఈ మొత్తం ప్రశ్నను తేల్చేది వయసూ కాదు, వేగమూ కాదు. తొమ్మిది ఇన్నింగ్స్ ఉండే ఒక్కో మ్యాచ్‌లో తను ఎన్ని వేస్తాడన్నదే.

క్రికెట్‌లో వికెట్ తీస్తే అది బౌలర్ ఖాతాలో పడిపోతుంది, తర్వాత జట్టు ఓడినా ఎవరూ వెనక్కి తీసుకోరు. ఆండర్సన్ 704 వికెట్లూ అతనివే. పిచ్చర్ విజయం అలా కాదు. ఐదు ఇన్నింగ్స్ పూర్తి కావాలి, దిగిపోయేటప్పటికి జట్టు ముందుండాలి, తర్వాత వచ్చినవాళ్లు ఆ ఆధిక్యాన్ని ఒక్కసారి కూడా చేజార్చకూడదు. ఎంత తొందరగా దిగిపోతే అంతగా తన విజయం పరుల చేతుల్లో ఉంటుంది.

2011లో వర్లాండర్ 34 స్టార్ట్‌లలో (తనే మొదటి పిచ్చర్‌గా దిగిన మ్యాచ్‌లు) 251 ఇన్నింగ్స్ వేశాడు, అంటే మ్యాచ్‌కు ఏడు పైనే. 24-5. ఆ ఏడాది ఏడో ఇన్నింగ్స్ అయ్యాక డెట్రాయిట్‌కు మిగిలే పని చాలా తక్కువ, పైగా క్లోజర్ (చివర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడే పిచ్చర్) వాల్వెర్డే 49 అవకాశాలొస్తే 49 సేవ్‌లు చేశాడు. సై యంగ్, ఎంవీపీ (లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) రెండూ వర్లాండర్‌కే వచ్చాయి. అదే మనిషి 2025లో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆడుతూ 29 స్టార్ట్‌లలో వేసింది 152 ఇన్నింగ్స్, మ్యాచ్‌కు ఐదు చిల్లర. ఈఆర్‌ఏ 3.85, ఏమంత చెడ్డది కాదు. రికార్డు మాత్రం 4-11. మొదటి 16 స్టార్ట్‌లలో ఒక్క గెలుపూ లేదు. జూలై 23న అట్లాంటాలో గాని తొలి విజయం దక్కలేదు. 29 స్టార్ట్‌లలో గెలుపు గాని ఓటమి గాని అతని పేరున రాసినవి 15, మిగతా 14 ఎటూ తేలనివి.

దీని పక్కనే 2006లో యాంకీస్‌కు ఆడిన జాన్సన్‌ను పెట్టండి. వయసు అదే 42. ఈఆర్‌ఏ 5.00, అంటే వర్లాండర్ కన్నా బాగా అధ్వానం. రికార్డు 17-11! 33 స్టార్ట్‌లలో 205 ఇన్నింగ్స్ వేశాడు, ఎటూ తేలనివి ఐదే. ఆ ఏడాది యాంకీస్ కొట్టిన పరుగులు 930. బాగా వేసినవాడికి నాలుగు, బాగా వేయనివాడికి పదిహేడు. ఒక్కో మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్ ఎక్కువ వేయడం, వెనక పరుగులు కొట్టే జట్టు ఉండడం, ఈ రెండూ కలిస్తే ఇంత తేడా వస్తుంది.

రయన్ విషయానికే తిరిగొద్దాం. 1990లో 30 స్టార్ట్‌లు, 204 ఇన్నింగ్స్, 13 విజయాలు. 1992కు వచ్చేసరికి, 45 ఏళ్ల వయసులో, 27 స్టార్ట్‌లలో 157 ఇన్నింగ్స్, 5 విజయాలు. ఈ రెండో లెక్క ఎక్కడో చూసినట్టు లేదూ? వర్లాండర్ 2025 లెక్కే అది, 152 ఇన్నింగ్స్‌కు 4 విజయాలు. రయన్ 45 ఏళ్లకు చేరిన చోటికి వర్లాండర్ 42కే చేరాడు. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇందులో సగం తప్పు అతని శరీరానిది కాదు. బ్యాటర్ల వరుస మూడోసారి తిరిగి వచ్చేసరికి పిచ్చర్‌ను దించెయ్యడం ఇప్పటి మేనేజర్లకు అలవాటైపోయింది. రయన్‌ను ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కూడా నమ్మిన రోజులవి. ఇప్పుడు అంత ఓపిక ఎవరికీ లేదు. లెక్కల ప్రకారం వాళ్లు చేస్తున్నదే సరైనది కావచ్చు, దాని వల్ల వర్లాండర్ ఏటా కొన్ని విజయాలు నష్టపోతున్నాడన్నదీ అంతే నిజం.

కాబట్టి ఇక మీదట అతను ఏ జట్టుకు ఆడినా నేను చూసేది ఒకటే, మొదటి ఐదు ఇన్నింగ్స్‌లో ఆ జట్టు పరుగులు కొడుతుందా లేదా. బలమైన బుల్‌పెన్ (మొదటి పిచ్చర్ దిగిపోయాక వచ్చే పిచ్చర్లు) ఉన్న జట్టు మేలా, బలమైన బ్యాటింగ్ ఉన్న జట్టు మేలా అని అడిగితే బ్యాటింగే అంటాను. ఆధిక్యమే లేకపోతే బుల్‌పెన్ కాపాడేదేముంది? అలాగని బుల్‌పెన్‌ను తీసిపారేయలేం. జాన్సన్ 300వ విజయమే తీసుకోండి. 2009 జూన్ 4, వాషింగ్టన్. ఆరు ఇన్నింగ్స్ వేసి 2-1 ఆధిక్యంతో దిగిపోయాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుట్, బేస్‌లు మూడూ నిండాయి, ఎదురుగా బ్యాటర్ ఆడమ్ డన్, కౌంట్ 3-2, అంటే ఇంకొక్క తప్పు బంతి పడితే స్కోరు సమం. బుల్‌పెన్ నుంచి వచ్చిన బ్రయన్ విల్సన్ ఆ బంతికి స్ట్రైకౌట్ చేశాడు కాబట్టి సరిపోయింది. బెంచీ మీద కూర్చుని చూడడం తప్ప జాన్సన్ చేయగలిగింది ఏమీ లేదు.

మరి నా తీర్పేమిటంటే, ఈ రెండు దారుల్లో మేలైనది రయన్‌దే, దాని మీద నడిస్తేనే 300 అందుతుంది. కానీ ఐదు ఇన్నింగ్స్ చొప్పున నడిచి ఆ దారిలో చివరిదాకా వెళ్లడం కష్టం. మ్యాచ్‌కు ఆరు ఇన్నింగ్స్‌కు తిరిగొస్తే ఏటా పది పన్నెండు గెలవొచ్చు, మూడేళ్లలో పని అవుతుంది. రాకపోతే 280 దగ్గర ఆగిపోతాడని నా భయం. నా డబ్బులు పందెం పెట్టమంటే ఆగిపోతాడనే పెడతాను. మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. 2020లో ఒక్క మ్యాచ్ ఆడి, 2021 పూర్తిగా ఆడకుండా పోగొట్టుకున్న రెండేళ్లు ఉంటే ఈ పాటికి 290 దగ్గరికి వచ్చి ఉండేవాడేమో. 2019లో 21 గెలిచినవాడు కదా.

ఇలా ఐదు ఇన్నింగ్స్‌తోనే 300 అందుకున్నవాడు ఒకడున్నాడని మొన్న ఫోన్‌లో మా మేనల్లుడికి చెప్పాను. ఎర్లీ విన్. 299 దగ్గర 1962 సీజన్ ముగిసింది, ఆ తర్వాత జట్టు వదిలేసుకుంది. 1963లో క్లీవ్‌లాండ్ మళ్లీ చేర్చుకుంది. జూలై 13న కాన్సస్ సిటీ మీద ఐదంటే ఐదు ఇన్నింగ్స్ వేసి దిగిపోయాడు. మిగతా నాలుగూ జెర్రీ వాకర్ ఒక్క పరుగు ఇవ్వకుండా వేశాడు. 7-4. అప్పుడు విన్‌కు 43 ఏళ్లు. తర్వాత ఇంకొక్కటి కూడా గెలవలేదు, సరిగ్గా 300తోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు.

"అయితే వర్లాండర్‌కు ఇంకో 34 మంది జెర్రీ వాకర్లు కావాలన్నమాట" అన్నాడు వాడు. అవునురా అన్నాను.