ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు: డీటీపీ పనిలో వాడి చూశాక నా అభిప్రాయం

రోజంతా తెలుగు టైపు చేసేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవాలని గట్టిగా చెబుతాను. మామూలు ఇంగ్లీషు కీబోర్డు కీల మీదే తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే అమరిక ఇది. వాట్సాప్‌లో నాలుగు మెసేజీలు పెట్టుకునేవాళ్లకి దీనితో పనిలేదు, ఫోన్లో ఉన్నదే చాలు. మధ్యలో ఉన్నవాళ్లు, అంటే వారానికోసారి వ్యాసమో కథో రాసుకునేవాళ్లు, నేను రాసింది చదివి తేల్చుకోండి.

నాది గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ షాపు. కలెక్టరాఫీసుకి అర్జీలు, కరపత్రాలు, శుభలేఖలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, మిర్చి వ్యాపారుల లెటర్‌హెడ్లు, ఎప్పుడైనా ఒక పుస్తకం. ఇవన్నీ ఏళ్ల తరబడి అను అనే పాత తెలుగు ఫాంట్లలో, వాటితో వాడే యాపిల్ అనే లేఅవుట్ (కీల అమరిక) మీదే కొట్టాను. కీబోర్డు వంక చూసే అవసరం ఉండేది కాదు.

రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన తన వ్యాసాల రాతప్రతి తెచ్చి, ‘అమ్మా, ఇది పుస్తకంగా రావాలి. మా మనవడు అమెరికాలో ఫోన్లో కూడా చదవాలి, ఏదైనా పేరు కొట్టి వెతికితే దొరకాలి’ అన్నారు. అను ఫైలుతో అది కుదరదు. అందులో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తులన్నీ సరిచూసుకోవడం మళ్లీ టైపు చేసినంత పని. మొదటే యూనికోడ్‌లో కొట్టాలి.

అందుకు లేఖిని లాంటివి ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. ఎంతోమంది చేత తెలుగులో రాయించిన సాధనం అది, దానిమీద నాకు గౌరవం ఉంది. కానీ రాతప్రతి చూసి పేజీలకి పేజీలు కొట్టే పని వేరు. కళ్లు తెలుగు చదువుతుంటే మనసు దాన్ని ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చుకుంటూ ఉండాలి. ణ వస్తే పెద్ద ఎన్, ళ వస్తే పెద్ద ఎల్. సాయంత్రానికి తల బరువెక్కిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ మధ్య మెట్టు లేదు. ణ చూశాను, ణ కొట్టాను, అంతే.

దీనికి డబ్బు కట్టక్కర్లేదు, డౌన్‌లోడ్ కూడా అక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చుకుంటే వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: కొత్త విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ అని ఇంకొకటి కూడా ఉంటుంది, అది ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టేది. మనకి కావలసింది ఉత్త తెలుగు అని ఉన్నది. తెలుగుకీ ఇంగ్లీషుకీ మారడానికి విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కాలి.

ఈ లేఅవుట్ ఎవరో సరదాకి అమర్చింది కాదు. భారత ప్రభుత్వం తెలుగు, హిందీ, కన్నడం లాంటి దేశభాషలకి కలిపి తయారు చేయించింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల ఐఎస్ 13194 ప్రమాణంలో చేరింది. ఈ భాషలన్నిటికీ ఒకటే అమరిక కాబట్టి తెలుగు క ఉన్న చోటే హిందీ క, కన్నడం క ఉంటాయి. మా దగ్గరికి హిందీ టీచర్లు ప్రశ్నపత్రాలు తెస్తుంటారు. హిందీకి వేరే లేఅవుట్ నేర్చుకోవలసిన పని తప్పింది.

ఇక అమరిక సంగతి. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతి వైపు. ఇంగ్లీషులో 1936లో పేటెంటు పొందిన డ్వొరాక్ కీబోర్డులోనూ అచ్చులు ఎడమవైపే ఉంటాయి. చేతులు వంతులవారీగా కదిలితే వేగం వస్తుందన్నది అక్కడి ఆలోచన. తెలుగుకి ఇది ఇంకా బాగా అతుకుతుంది, ఎందుకంటే మన రాతే హల్లు, గుణింతం, హల్లు, గుణింతం అని నడుస్తుంది. ‘గుంటూరు’ కొట్టి చూడండి. గ కుడిచేయి, కొమ్ము ఎడమ, సున్న ఎడమ, ట కుడి, కొమ్ముదీర్ఘం ఎడమ, ర కుడి, కొమ్ము ఎడమ. అలవాటయ్యాక ఆ మాట వేళ్ల కింద దానంతటదే పడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వర్గాల కూర్పు. ఇంగ్లీషు కె కీ మీద క, షిఫ్టుతో అదే కీ మీద ఖ. దాని పైవరసలో ఐ మీద గ, షిఫ్టుతో ఘ. ఎల్ మీద త, థ. దాని పైన ఓ మీద ద, ధ. హెచ్ మీద ప, ఫ. పైన వై మీద బ, భ. చ పైన జ, ట పైన డ కూడా ఇంతే. చిన్నప్పుడు పలక మీద దిద్దిన క ఖ గ ఘ కీబోర్డు మీద కింద రెండు, పైన రెండుగా కూర్చుని ఉంటాయి. ఒక వర్గంలో ఒక్క కీ గుర్తుంటే మిగతావి ఎక్కడున్నాయో చెప్పేయవచ్చు. అచ్చులూ అలాగే: ఎఫ్ నొక్కితే గుడి, షిఫ్టుతో ఇ. జి నొక్కితే కొమ్ము, షిఫ్టుతో ఉ. హల్లుకి పొల్లు పెట్టే కీ డి, షిఫ్టుతో అదే అ. అకారాన్ని తీసేసేదీ అకారమూ ఒకే కీ మీద ఉండటం చూసి, దీన్ని అమర్చినవాళ్లు మన అక్షరాల లోపలి సంగతి ఎరిగినవాళ్లని నాకు అర్థమైంది.

ఒక్కో ఒత్తుకి వేరే కీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. క, పొల్లు, క అని కొడితే క్క. ఏ ఒత్తుకైనా ఈ పద్ధతి చాలు. అను ఫాంట్లకి అలవాటైనవాళ్లకి మొదట్లో ఇదే కష్టంగా ఉంటుంది, తర్వాత ఇదే హాయి.

లోపాలు కూడా చెప్పాలి, అవి చిన్నవి కావు. హల్లులన్నీ కుడివైపే అని చెప్పుకుంటారు గానీ మ, న, వ మూడూ ఎడమచేతి కిందే పడతాయి. న ఉండేది వి మీద. గుడి, కొమ్ము కూడా ఎడమ చూపుడువేలివే. అంటే ని, ను రెండూ ఒకే వేలితో కొట్టాలి. తెలుగులో ని, ను లేకుండా రెండు వాక్యాలు నడవవు కదా. ‘నేను’, ‘మేము’, ‘మనం’ పూర్తిగా ఎడమచేతి మాటలు. ‘అమ్మ’కైతే అక్షరాలన్నీ ఎడమ మధ్యవేలే కొట్టాలి. పెద్ద పుస్తకం పట్టుకున్నప్పుడు ఆ చేయి అలిసిపోతుంది.

కుడి చిటికెనవేలిది ఇంకో బాధ. చ, ట, డ, య, జ అన్నీ దానికే అప్పగించారు. ‘చేయడం’లో హల్లులు మూడూ చిటికెనవేలివే. ప్రభుత్వ భాషలో రాసే అర్జీల్లో ‘చేయడం జరిగింది’ అని ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు.

నాకు నిజంగా బాధ కలిగించేది ఎ, ఒ సంగతి. ఎత్వం అడుగువరసలో జెడ్ మీద, ఒత్వం పైన ఎడమ మూలలో 1 అంకె పక్కనున్న కీ మీద పెట్టారు. ఏత్వం, ఓత్వం మాత్రం వేళ్లు ఆనే నడిమి వరసలో హాయిగా ఉన్నాయి. హిందీకి హ్రస్వ ఎ, ఒ అవసరం లేదు, వాటిని మూలకి నెట్టినా వాళ్లకి నష్టం లేదు. మనకి అలా కాదు. కొత్త, కొన్ని, పొలం, మొదలు, తెలుగు, చెట్టు, పెళ్లి, ఇవన్నీ రోజూ కొట్టే మాటలు. పొన్నూరు వాళ్ల అర్జీ వచ్చిందంటే చిటికెనవేలు ఆ మూలకి సాగాల్సిందే. అన్ని భాషలకీ ఒకే అమరిక ఇచ్చిన సుఖానికి దక్షిణాది భాషలు కట్టిన వెల ఇది. కొత్తగా సవరించేవాళ్లెవరైనా ఉంటే ముందు దీన్ని చూడమని కోరుకుంటున్నాను.

నేర్చుకునేవాళ్లకి రెండు మాటలు. కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించుకోకండి. నేను కొన్నవి ఎండాకాలంలో చెమటకి అంచులు లేచి వేళ్లకి తగులుకునేవి. స్టిక్కరు ఉన్నంతకాలం కళ్లు కిందికే పోతాయి కూడా. లేఅవుట్ బొమ్మ ప్రింటు తీసి మానిటర్ కింద అంటించుకోండి. లేదా విండోస్, కంట్రోల్, ఓ కీలు కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది, షిఫ్టు పట్టుకుంటే అందులో అక్షరాలు మారడం కనిపిస్తుంది. అభ్యాసానికి మా షాపులో ఊళ్ల పేర్లు కొట్టిస్తాను: తెనాలి, బాపట్ల, మంగళగిరి, సత్తెనపల్లి, చిలకలూరిపేట. అక్షరాలన్నీ తిరుగుతాయి, తప్పు పడితే వెంటనే తెలుస్తుంది.

షాపులో పనిచేసే అమ్మాయికి ముందు ఏ తెలుగు లేఅవుటూ రాదు. నాకన్నా తొందరగా పట్టేసింది. ‘అక్కా, ఇందులో గుర్తుపెట్టుకోడానికి ఏముంది, బడిలో నేర్చుకున్న వరసేగా’ అంది ఒకరోజు. నిజమే, తనకి మరిచిపోవలసింది ఏమీ లేదు. యాపిల్‌లో మునిగినవాళ్లకి ఎక్కువ టైమ్ పడుతుంది, నాకు పాత వేగం అందేసరికి ఒక ఎండాకాలం గడిచింది. ఆ రోజుల్లో అర్జంటు పనులు యాపిల్‌లోనే చేసి, టెన్షన్ లేని పనులు దీనిలో కొట్టాను. మీరూ అలాగే చేయండి, లేకపోతే కస్టమర్లు పక్క షాపుకి పోతారు.

సాఫ్ట్‌వేర్ లాంటి మాటలు రాసేటప్పుడు వ వెళ్లి ట కింద ఒత్తుగా కూర్చుంటుంది. ట్ తర్వాత కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కి అప్పుడు వే కొడితే విడిగా నిలబడుతుంది. ఇది ఎవరూ చెప్పరు, రాసిపెట్టుకోండి.

పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్ పనికిరాదు, దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకుంటే ఒత్తులు సరిగ్గా పడతాయి. మాస్టారి పుస్తకం లోపలి పేజీలు మండలి ఫాంటులో, శీర్షికలు రామభద్రలో పెట్టాను. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అచ్చులో చక్కగా ఉన్నాయి. ఫైలు ఆయన మనవడికి పంపితే, తాతగారి ఊరి పేరు కొట్టి వెతికి, అది వచ్చిన పేజీలన్నీ చూశాడట. మాస్టారే షాపుకొచ్చి చెప్పారు.

శుభలేఖలు మాత్రం ఇప్పటికీ అనులోనే చేస్తున్నాను. మేమిచ్చే ప్రెస్సులో పాత డిజైన్లన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లే, పెళ్లివాళ్లు అందులోంచే ఎంచుకుంటారు. ప్రెస్సువాళ్లు ఇన్‌డిజైన్‌కి మారతామంటున్నారు. మారిన రోజున ఆ పని కూడా ఇటు తెచ్చేస్తాను.